అదిగో, నాన్న వస్తున్నాడు

కూతురు పుట్టినప్పుడు వెల్డింగ్ మేస్త్రీ వారం సెలవు కావాలని షెడ్డు ఓనరును అడిగాడు. ఓనరు పడీపడీ నవ్వాడు. "సెలవు దేనికయ్యా? పాలు నువ్వివ్వాలా?" పక్కనున్నవాళ్ళూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వేశాడు. నవ్వకపోతే ఎక్కడ లోకువైపోతానో అని భయం మరి.

ఇంటికొస్తే అత్తగారు. బిడ్డను ఎత్తుకోబోతే, "వద్దు అల్లుడుగారూ, మీ చేతులు ఆకురాయిలా ఉన్నాయి, పసిది గీసుకుపోతుంది" అని లాగేసుకునేది. టీకాలకు వెళ్తే నర్సు తల్లిని లోపలికి పిలిచి, "మగవాళ్ళు బయటుండండి" అంది. ఇలా అందరూ కలిసి ఒక మనిషిని బయట నిలబెట్టి, మళ్ళీ వాళ్ళే 'ఈ మగాళ్ళకు పిల్లలంటే పట్టదమ్మా' అంటారు. ఒళ్ళు మండదూ?

అయితే మేస్త్రీ తక్కువవాడేం కాదు. పిల్ల తిండి దగ్గర మొరాయిస్తుంటే ఒకరోజు భార్య విసిగిపోయి, "అదిగో, నాన్న వస్తున్నాడు. తినకపోతే కొడతాడు" అంది. పిల్ల గబుక్కున నోరు తెరిచింది. ఇక చూసుకోండి, తిండికి నాన్న, స్నానానికి నాన్న, నిద్రకు నాన్న. అతను పిల్ల మీద చెయ్యి చేసుకున్న పాపాన పోలేదు. అయినా పెంపకంలో తనకూ ఒక పని దొరికిందని మురిసిపోయాడు, పిచ్చిమారాజు. మధ్యాహ్నం భోజనానికొచ్చి, తలుపు దబదబా బాది, "ఎవరక్కడ తిననిది?" అని బొంగురు గొంతుతో గద్దించేవాడు. లోపల పళ్ళెం ఖాళీ అయ్యేది. "మీరుండబట్టి సరిపోయింది" అనేది భార్య. ఆ మాటకే అతనికి కడుపు నిండిపోయేది.

పిల్లకు మూడేళ్ళు నిండాక భార్య రెండో కాన్పుకు ఆసుపత్రిలో చేరింది. అత్తగారు తోడు వెళ్ళింది. ఈసారి మేస్త్రీ ఎవరినీ అడగలేదు, పనికి రావట్లేదని చెప్పేశాడు. ఇన్నాళ్ళకు ఇంట్లో తనూ, కూతురూ! చేతులు సబ్బుతో రెండుసార్లు తోముకుని, అన్నం మెత్తగా కలిపి పిల్ల ముందు కూర్చున్నాడు.

పిల్ల గోడకు అతుక్కుపోయి కూర్చుంది. మారాం లేదు. ముద్ద పెడితే నమలకుండా మింగేసింది. ఇంకోటి పెడితే అదీ అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నోరు మాత్రం తెరుస్తూనే ఉంది.

"మెల్లగా నములు తల్లీ" అన్నాడు.

ఆ గొంతు వినేసరికి ఇంకా గబగబా మింగింది. పళ్ళెం ఖాళీ అయ్యాక నోరు బార్లా తెరిచి చూపించింది.

"మొత్తం తినేశాను నాన్నా. ఇంక వెళ్ళిపోతావా?"

మేస్త్రీ పళ్ళెం పక్కన పెట్టాడు. దగ్గరికి తీసుకుందామని చేతులు చాపాడు. పిల్ల దెబ్బ పడుతుందనుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. అతను చేతులు వెనక్కి తీసుకుని, పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ముందుగదిలోంచి పిల్ల బొమ్మతో కబుర్లు చెప్పుకుంటూ కిలకిలా నవ్వడం వినిపించింది.