ముసల్దాని సెల్ఫు

ఆయన్ని అందరూ సెల్ఫు మేస్త్రి అంటారు. తాళం తిప్పగానే ఇంజన్ని మొదటిసారి గిర్రున తిప్పి లేపే మోటారుని బళ్ళవాళ్ళ భాషలో సెల్ఫు అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆయన బతుకంతా దానితోనే. ఇంజను ముట్టుకోడు, బ్రేకుల జోలికి పోడు. నిద్ర లేపడం వరకే మన పని, లేచాక నడవకపోతే దాని ఖర్మ అంటాడు. రోడ్డు వారన రేకుల షెడ్డు, వైసు బిగించిన బెంచీ, మేకులకి వేలాడే, రాగి తీగ చుట్టిన పాత ఆర్మేచర్లు, నూనె తాగీ తాగీ నల్లబడ్డ నేల. ఆ నేల మీద స్క్రూ జారిపడితే వెతకడానికి అయస్కాంతం పట్టుకుని కూర్చోవాల్సిందే.

పనిలో మేస్త్రికి వంక పెట్టలేం. సెల్ఫు తిరిగే చప్పుడు విని, ఏ బ్రష్షు అరిగిందో ఏ బుష్షు వదులైందో చెప్పేస్తాడు. ఉన్న రోగం ఒక్కటే, వాయిదా. అదీ పైవాళ్ళ దగ్గర కాదు. పైవాళ్ళు షెడ్డు ముందు నిలబడి కేకలేస్తారు కాబట్టి వాళ్ళ పని సాయంత్రానికల్లా అయిపోతుంది. అయినవాళ్ళు టీ తాగి, నీకు వీలున్నప్పుడు చూడు అని నవ్వుతూ వెళ్ళిపోతారు. ఆ వీలు ఎప్పటికీ రాదు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ సంగతి చెప్పడం ఇంకొంచెం తేలికయ్యేది.

ఆయన చెల్లెలి మొగుడికి ఒక పాతకాలపు గొలుసు ట్రాక్టరు ఉండేది. దానికి చక్రాలుండవు. రెండు పక్కలా వెడల్పాటి ఇనప పట్టాలు తిరుగుతుంటే నేల మీద పాకుతూ పోతుంది. ఎగుడుదిగుడు నేల చదును చెయ్యడానికీ, మొద్దులు పెకలించడానికీ దాన్ని మించింది లేదు. వయసులో తనకంటే పెద్దది, అందుకే దాన్ని ముసల్ది అనేవాడు. మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ పొద్దున్నే నన్ను లేపుతుంది, రెండో ఆవిడని నేను లేపాలి అని పెళ్ళానికి వినపడేలాగే అనేవాడు. మేస్త్రీ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ, ఎదురుపడితే చాలు ఒకరి మీద ఒకరు విసుర్లు విసురుకునేవాళ్ళు.

ఒకసారి ముసల్దాని సెల్ఫు మొరాయించింది. ఒక్కోసారి మీట ఎంత నొక్కినా టక్కుమంటోంది తప్ప తిరగట్లేదని బావ షెడ్డుకొచ్చి చెప్పాడు. వినగానే మేస్త్రికి అర్థమైంది. సెల్ఫు నెత్తి మీద రెండు లావు బోల్టులుంటాయి. ఒకదానికి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, రెండోదాన్నుంచి మోటారులోకి పోతుంది. మీట నొక్కినప్పుడు లోపల ఒక రాగి బిళ్ళ ఆ రెంటినీ కలుపుతుంది. అది కాలిపోయి ఉంటుంది. అంత పాత బండికి కొత్త బిళ్ళ బజార్లో దొరకదు, రాగి ముక్క తెచ్చి అరగదీసి చేసుకోవాలి. ఒక పూట పని. సోమవారం వస్తానన్నాడు. ఆ సోమవారం రెండు లారీలొచ్చి పడ్డాయి. తర్వాతి సోమవారం ఒంట్లో బాగోలేదు. మూడో సోమవారం ఏ కారణమూ లేదు, వెళ్ళలేదు, అంతే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని బావ నవ్వేశాడు. రేపు అనే మాటకి రూపు లేదన్నయ్యా అని చెల్లెలు మాత్రం నవ్వకుండానే అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున బావ పని చేస్తున్న చోటు నుంచి ఫోను చేశాడు. నేల చదును చేయించుకునే మనిషి వచ్చి కూర్చున్నాడు, ముసల్ది ఈసారి అసలు లేవనంటోంది, ఏం చెయ్యమంటావని అడిగాడు. మేస్త్రి చేతిలో వేరే పని ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"పట్టా మీదికెక్కి ఆ రెండు బోల్టులకీ లావు స్క్రూడ్రైవరు అడ్డం పెట్టు బావా, అదే తిరుగుతుంది" అన్నాడు.

ఈ చిట్కా చెప్పినప్పుడల్లా మేస్త్రి ఇంకో మాట కూడా చెబుతాడు, బండి గేరులో లేదని ముందు చూసుకో అని. ముక్కూ మొహం తెలియని డ్రైవర్లకి కూడా చెబుతాడు. బావకి చెప్పలేదు. ముసల్దాన్ని పాతికేళ్ళుగా నడుపుతున్నవాడికి గేరు గురించి పాఠం చెబితే, ఆ మాట పట్టుకుని నెల్లాళ్ళు వెక్కిరిస్తాడనుకున్నాడు.

ముసల్దానికి బ్రేకు సరిగ్గా పట్టదు. అందుకని వాలు మీద ఆపినప్పుడు బావ దాన్ని గేరులోనే వదిలేసేవాడు. సీట్లో కూర్చుని లేపితే చెయ్యి దానంతటదే గేరు కర్ర మీదికి పోయి గేరు తీసేస్తుంది. ఆ రోజు బావ సీట్లో లేడు. ఇంజను ఒక్కపెట్టున అందుకుంది. కాళ్ళ కింద పట్టా కదిలి మనిషిని ముందుకి మోసుకుపోయి కింద పడేసింది, పడ్డవాడి మీదినుంచి పోయింది. జేబులో ఉన్న ఫోను కూడా నుజ్జయింది, ఆఖరిసారి ఎవరితో మాట్లాడాడో ఎవరికీ తెలియలేదు.

తేలు కుట్టిన దొంగలా మేస్త్రి నోరు మెదపలేదు. మొదటి రోజే చెప్పాలనుకున్నాడు, చెల్లెలి మొహం చూసి ఆగిపోయాడు. వారం తర్వాత అనుకున్నాడు, నెల తర్వాత అనుకున్నాడు. అదీ ఆయన మిగతా పనుల్లాగే వాయిదాల్లో పడింది. భార్యకి ఒక్కదానికే చెప్పాడు. ఆవిడ, ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటారు, పోయిన మనిషి ఎలాగూ రాడు, ఆ పిల్లకి ఉన్న అన్నయ్య కూడా లేకుండా పోతాడు అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మేస్త్రి దాని చాటున దాక్కున్నాడు.

అయితే ఆ చెల్లెలు ఒక్క రోజైనా ఏడవలేదు. ఆవిడకి దుఃఖం కన్నా ముందు కోపం వచ్చి, వచ్చిన చోటే పీట వేసుకుని కూర్చుంది. ఆ పొద్దున మొగుడు బయల్దేరుతుంటే, మా అన్నయ్యని అడక్కుండా దాని మీద చెయ్యి వెయ్యొద్దు అని చెప్పింది. సరేనన్నాడు. చేతిలో చెయ్యి వేసి మరీ సరేనన్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పుకునేది. మాటిచ్చి రెండు గంటలు కాలేదు, నా మాటకి ఆ మాత్రం విలువ లేకపోయింది అనేది. పోయినవాడిని తిట్టకూడదమ్మా అని పెద్దవాళ్ళు మందలిస్తే, బతికుండగా ఇంకాస్త తిట్టి ఉంటే బతికే ఉండేవాడు అనేది. ఆయన చొక్కాలన్నీ మూట కట్టి ఎవరికో ఇచ్చేసింది.

మేస్త్రి ప్రతి ఆదివారం వెళ్ళి ఆ తిట్లు వింటూ కూర్చునేవాడు. ఆవిడ ఎదురుగా కంచం పెట్టి వడ్డిస్తూ, ఆయన పచ్చి అబద్ధాలకోరు, నా మాటకి విలువిచ్చేది నువ్వొక్కడివే అనేది. మేస్త్రి పెట్టిందంతా తినేవాడు, తినకపోతే ఎందుకని అడుగుతుందని.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. బావ ఒప్పుకున్న పనులు ఇంకా మూడు చోట్ల మిగిలే ఉన్నాయి. వాటిని పూర్తి చేయించాలని చెల్లెలు పంతం పట్టింది. ఒక డ్రైవరుని మాట్లాడుకుని, ముసల్దాని సెల్ఫు బాగుచెయ్యమని అన్నయ్యని అడిగింది. మేస్త్రి ఈసారి సోమవారం అనలేదు. మర్నాడు తెల్లారేసరికి వాళ్ళ పెరట్లో ఉన్నాడు. నాలుగు బోల్టులు విప్పి, అంత బరువునీ రెండు చేతులా పొదివి పట్టుకుని షెడ్డుకి తెచ్చుకున్నాడు.

తొమ్మిదింటికి విప్పాడు. అనుకున్నట్టే రాగి బిళ్ళ అంచులు కాలి, నడుమ గుంట పడి ఉంది. రాగి పలక కోసి, ఆకురాయితో అరగదీసి కొత్త బిళ్ళ చేశాడు. అరిగిన బ్రష్షులు మార్చాడు. అవి రాసుకుంటూ తిరిగే రాగి గుండుని మెత్తటి గరుకు కాగితంతో తుడిచి, దాని చారల్లో దిగిన మసిని విరిగిన రంపపు ముక్కతో గీకాడు. కొత్త బుష్షు కొట్టాడు. బ్యాటరీకి తగిలించగానే సెల్ఫు గిర్రున తిరిగింది. తలెత్తి గడియారం చూస్తే పన్నెండున్నర. ఒక పూట పని అన్నది నిజంగానే ఒక పూటలో అయిపోయింది. మేస్త్రి షెడ్డు రేకు దించేసి, బెంచీ మీద తల ఆనించి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు.

తర్వాత రెండు రోజులు ఎవరూ అడగని పని చేశాడు. మందపాటి రేకుతో మూత చేసి ఆ రెండు బోల్టుల మీదా కప్పి, ఏ స్క్రూడ్రైవరూ దూరకుండా రివిట్లు కొట్టాడు. గేరు కర్ర మొదట్లో ఒక చిన్న స్విచ్చి పెట్టి, గేరులో ఉంటే సెల్ఫుకి కరెంటు పోకుండా వైరు లాగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆ సంగతి మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగో రోజు పెరట్లో సెల్ఫు బిగించి, సీటెక్కి మీట నొక్కాడు. ముసల్ది ఒక్క నొక్కుకే లేచింది. దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డ చెల్లెలు దగ్గరికొచ్చింది. మెరుస్తున్న కొత్త మూత మీద ఆవిడ చూపు పడింది.

"ఇదేంటన్నయ్యా? ఇంతకుముందు లేదే."

దుమ్ము పడకుండా అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మేస్త్రి ఇంజను ఆపి కిందికి దిగాడు.

"మళ్ళీ ఎవరూ స్క్రూడ్రైవరు పెట్టకుండానమ్మా. బావకి అలా పెట్టమని చెప్పింది నేనే. ఆ పొద్దున ఫోను చేశాడు. గేరు చూసుకోమని చెప్పలేదు నేను."

ఆవిడ అరుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. ఆ మూతనే చూస్తూ నిలబడింది.

"నిన్ను అడిగాడా?" అంది చివరికి.

"అడిగాడు."

"అడిగాకే ఎక్కాడా?"

"అడిగాకే ఎక్కాడమ్మా."

ఆవిడ పట్టా పక్కన మట్టిలోనే కూర్చుంది.

"మాట నిలబెట్టుకున్న మనిషిని ఎనిమిది నెలలుగా అబద్ధాలకోరన్నాను. నీకు అన్నం పెడుతూ అన్నాను. నువ్వు తింటూ విన్నావు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఎనిమిది నెలల ఏడుపు ఒక్కసారే వచ్చింది. మొగుణ్ణి ఏమండీ ఏమండీ అని పిలుస్తూ, క్షమించమని అడుగుతూ ఏడ్చింది. మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ తలెత్తకుండానే అరచెయ్యి చూపించి ఆపింది. ఆయన పనిముట్లు సంచీలో వేసుకుని గేటు దాటాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది.

ఆ ఆదివారం వెళ్తే తలుపు తియ్యలేదు. పై ఆదివారమూ అంతే. భార్య వెళ్ళి వస్తుంది, బాగానే ఉందని చెబుతుంది, ఆవిడ మీ గురించి అడిగిందని మాత్రం ఎప్పుడూ చెప్పదు. మేస్త్రి కూడా అడగడం మానేశాడు.

ఏడాది దాటాక ఒక కొత్త మనిషి స్నేహితుడి లారీ సెల్ఫు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. ఈమధ్యే ఒకావిడ దగ్గర గొలుసు ట్రాక్టరు నడపడానికి చేరానని మాటల్లో చెప్పాడు. అంత పాత బండికి గేరు స్విచ్చి, సెల్ఫు మీద మూత ఎంత పకడ్బందీగా పెట్టారో అని తెగ మెచ్చుకున్నాడు. ఇంత మంచి పనివాడు ఎవరమ్మా అని ఆవిడని అడిగాడట. తెలిసినాయన ఒకరు చేశారు అందట.

మేస్త్రి అలాగా అన్నాడు. ఆ చేసింది తనేనని గానీ, ఆవిడ తన తోడబుట్టిందని గానీ చెప్పలేదు. ఆవిడ వద్దనుకున్న చుట్టరికం తను చెప్పుకోవడం న్యాయం కాదనిపించింది. లారీ సెల్ఫు ఎప్పటికి కావాలని అడిగి, ఇప్పుడే చేసిస్తాను కూర్చోమన్నాడు.