మల్లమ్మ అడగడానికొచ్చిన మాట

జహీరున్నీసా రాసిన నవల అచ్చయిన ఏడాది వానకాలంలో నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో స్థానిక రచయితల సభ పెట్టారు. రచయితలు ముగ్గురే. తమ పుస్తకం ఎట్లా పుట్టిందో, దాని వెనక ఎవరున్నారో ఒక్కొక్కరూ చెప్పాలి. గ్రంథాలయం చూసుకునే తిరుపతి ఆ మాట చెప్పడానికి బడికి వస్తే ఆమె సంతోషంగానే ఒప్పుకుంది. అది రెండువేల ఏడు. అప్పటికి ఆమె ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతోంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా చదివిందీ రాసేదీ తెలుగే. పుట్టి పెరిగింది కోడేరులో.

ఆ సంతోషం గురువారం సాయంత్రం దాకా నిలిచింది.

గురువారం అర్చన ఇంటికొచ్చింది. కోడేరులో జహీరున్నీసా పుట్టింటికి గోడ పక్క ఇల్లు అర్చన వాళ్లది. ఇప్పుడు నాగర్‌కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటి నుంచీ చిన్నమ్మా అనే పిలుస్తుంది. ఆ రోజు గడపలోనే నిలబడింది.

"చిన్నమ్మా, నీ బుక్కు మొత్తం మా అమ్మకు చదివి వినిపించిన."

జహీరున్నీసా చేతిలో బియ్యం చేట ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"ఆఖరు దాకనా?"

"ఆఖరు దాక. అప్పటి సంది అన్నం సరిగ తింటలేదు. ఐతారం మీటింగుకొస్తదంట. నిన్నేదో అడగాల్నట."

"ఏమడుగుతదంట?"

"నాకు చెప్తలేదు. అడిగితే గోడ దిక్కు తిరుగుతది."

అర్చన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

అర్చన తల్లి మల్లమ్మ. తండ్రి బక్కయ్య. వాళ్లకున్న చెల్కలో వాన పడితేనే పంట. ఆముదాలు ఎండిన ఏడల్లా మేస్త్రి వెంట మహారాష్ట్ర దిక్కు కాలువ పనులకు పోయేవాళ్లు. అర్చన బడికి పోవడం మొదలైనాక మల్లమ్మ ఊళ్లో ఆగిపోయింది, బక్కయ్య ఒక్కడే పోయేవాడు. ఒక ఎండాకాలం గుంపంతా తిరిగొచ్చింది, బక్కయ్య రాలేదు. పని నచ్చక మధ్యలోనే రైలెక్కి పోయాడని మేస్త్రి అన్నాడు. ఒకరు షోలాపూర్‌లో చూశామన్నారు, ఒకరు పుణెలో అన్నారు. ఏండ్లు గడిచాయి. దినాలు చేసెయ్యమని అత్తగారింటి వాళ్లు ఎంత చెప్పినా మల్లమ్మ వినలేదు. బొట్టు తియ్యలేదు, మెట్టెలు తియ్యలేదు. "చూసినోడు వచ్చి చెప్పనీ, అప్పుడు తీస్త" అనేది.

పెళ్లి కాకముందు జహీరున్నీసా ఇదంతా గోడ ఇవతల నుంచి చూసింది. సాయంత్రం బస్సు వచ్చే వేళకు మల్లమ్మ పని ఆపి చెవి ఒగ్గి నిలబడటం చూసింది. ఆ నిలబడటమే ఆమెను చాలా కాలం వదల్లేదు. చివరికి నవల రాసింది. 'తట్టబుట్ట సర్దుకున్నోళ్లు' అని పేరు పెట్టింది. అందులో పేర్లు వేరు, ఊరు వేరు. కానీ ఎదురుచూసే ఆడమనిషి మల్లమ్మే. చివరి అధ్యాయంలో ఆ మనిషి మొగుడు సొరంగం పనిలో మట్టి కూలి చచ్చిపోతాడు. గుత్తేదారు లైట్లు ఆర్పించి అక్కడే పూడ్పిస్తాడు. మేస్త్రి ఊరికొచ్చి అబద్ధం చెబుతాడు కానీ, అతని చేతిలోని తువ్వాల చూసి ఆమెకు నిజం తెలిసిపోతుంది.

అదంతా ఆమె ఊహించి రాసింది. మల్లమ్మకు చదువు రాదు కాబట్టి ఇది ఆమె దాకా పోదని కూడా లోపల ఎక్కడో అనుకుంది. అర్చన సంగతి తట్టనేలేదు.

మరునాడు బడిలో పాఠం చెబుతూ ఒకే పద్యం రెండుసార్లు చదివింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఏమడుగుతుంది? నా మొగుణ్ణి ఎందుకు చంపినవని అడుగుతుందా? నా బతుకు నన్నడగకుండా ఎట్ల రాసినవంటుందా? ఊరి వాళ్లను వెంటబెట్టుకుని వస్తుందా? ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు తయారు చేసుకునేది. ఏ జవాబూ తన చెవికే బాగా వినిపించేది కాదు.

శనివారం బస్టాండు దగ్గర భర్త దుకాణానికి పోయి కూర్చుంది. జుబేర్ సెల్‌ఫోన్లకు రీచార్జి కార్డులు అమ్ముతాడు.

"జ్వరమొచ్చిందని తిరుపతికి ఫోన్ చేసెయ్యనా?" అంది.

"చెయ్యి," అన్నాడు జుబేర్. "ఆమె ఇంటికొస్తది. అప్పుడేం జేస్తవ్?"

"నువ్వన్న ముందుగల్ల ఆమెతోని మాట్లాడరాదూ."

"నేనేం మాట్లాడాలె? రాసింది నువ్వు. జర నిమ్మళంగుండు. ఎక్కువ పరేషాన్ అయితే అక్కడ నోరు పెగలదు."

నిజంగానే నోరు పెగలదేమోనని ఆమెకు ఇంకో భయం పట్టుకుంది.

ఆదివారం పొద్దున గ్రంథాలయంలో కుర్చీలు సగం నిండాయి. మొదట గద్వాల నుంచి వచ్చిన అబ్రహాం మాట్లాడాడు. ఆయన కథలన్నీ మగ్గాల మీద. వాళ్ల నాన్న చీర అంచు నేస్తూ తనలో తాను మాట్లాడుకునేవాడట, ఆ మాటలు వినీ వినీ కథకుణ్ణయ్యానన్నాడు. తర్వాత వనపర్తి జంగయ్య లేచాడు. కరువులో అమ్ముకున్న ఎద్దు మీద ఆయన పాటల పుస్తకం వేశాడు. ఎద్దును తోలుకుపోతుంటే అది వెనక్కి తిరిగి చూసిన తీరు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

జహీరున్నీసాకు వాళ్ల మాటలు సగమే వినబడుతున్నాయి. చూపంతా తలుపు మీదే ఉంది. జంగయ్య కూర్చుంటుండగా మల్లమ్మ, అర్చన లోపలికొచ్చారు. తిరుపతి మర్యాద చేసి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మల్లమ్మ కొత్త చీర కట్టుకుంది. ముఖం మాత్రం వారంలోనే పీక్కుపోయింది.

జహీరున్నీసా లేచింది. పాలమూరు వలసల గురించి, ఎదురుచూసే ఆడవాళ్ల గురించి తను రాసుకొచ్చిన మాటలు గబగబా చెప్పేసింది. ఎంతోమంది జీవితాలు చూసి రాశానంది. ఎవరి పేరూ ఎత్తలేదు. కూర్చోబోతుంటే ఎవరైనా ఏమైనా అడగవచ్చని తిరుపతి అన్నాడు.

మల్లమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"చెల్లె, ఆయిన మీద మట్టి పడ్డదని నీకెవరు జెప్పిండ్రు?"

సభలో ఎవరికీ ఏం అర్థం కాలేదు. జహీరున్నీసాకు అర్థమైంది. మల్లమ్మ తిట్టడానికి రాలేదు. కబురు అడగడానికొచ్చింది.

"ఎవ్వరు చెప్పలే అక్కా."

"ఎవ్వరు చెప్పకుంటే గట్లెట్ల రాస్తవ్? లైట్లు ఆర్పిండ్రని రాసినవ్. మేస్త్రి చేతుల ఎర్ర అంచు తువ్వాల ఉన్నదని సుత రాసినవ్. ఆ తువ్వాల మా ఆయినది. నేనే సంచిల వెట్టి పంపిన. మేస్త్రి నీకేమన్న చెప్పి ఉంటే దాచకు. నేను తట్టుకుంట."

"అది మీ దండెం మీద చూసిన తువ్వాల అక్కా. నువ్వు ఉతికి ఆరేస్తుంటే గోడ మీదికెల్లి చూసేదాన్ని. దాన్ని తీసి మేస్త్రి చేతిల నేనే పెట్టిన. కథ నమ్మేతట్టు ఉండాలని పెట్టిన. సొరంగం నేను కండ్లతోని చూడనే లేదు."

"అయితే సచ్చిండని నీకు తెల్వదు."

"తెల్వదు."

"బతికుండని?"

"అది సుత తెల్వదు అక్కా."

మల్లమ్మ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. తిరుపతి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

సభ అయిపోయాక ఇద్దరూ వరండాలో అరుగు మీద కూర్చున్నారు. అర్చన దూరంగా మెట్ల దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"బుక్కుల అచ్చు ఏసిండ్రు గద, ఉత్తది ఎట్లేస్తరు అనుకున్న," అంది మల్లమ్మ. "మొన్న సబ్బునీళ్లల్ల కాలు వెట్టి మెట్టెలు తీద్దామని చూసిన. రాలేదు. ఏలు వాచింది. సరే, నిన్నడిగినంకనే తీద్దామనుకున్న."

జహీరున్నీసా ఆమె కాళ్ల వంక చూడలేకపోయింది.

"తప్పయింది అక్కా."

"నువ్వు అవునంటే ఇంటికి పోయి ఏడుద్దుననుకున్న. ఒక్కసారి ఏడ్చుడన్న అయిపోతుండె." మల్లమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇప్పుడు మళ్ల మొదటికొచ్చె. నీ బుక్కులు ఇంకెన్ని ఉన్నయి?"

"సగానికి ఎక్కువే ఇంట్లనే ఉన్నయి."

"వాటిల్ల ఆయిన పేరు రాయి. నిజం పేరు. ఊరు రాయి. ఎవరన్న చూసినోళ్లు ఉంటే చెప్తరు. పది మంది సదువుతరు గద."

ఆ వారమే జహీరున్నీసా చిన్న చీటీలు అచ్చు వేయించింది. కోడేరు బక్కయ్య, నల్లటి మనిషి, ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, తెలిస్తే ఈ నంబరుకు చెప్పండి అని. మల్లమ్మ, అర్చన వచ్చి కూర్చుంటే మైదా గంజితో మిగిలిన పుస్తకాలన్నిటికీ చివరి పేజీలో అంటించి, సభకొచ్చిన రచయితలకూ చుట్టుపక్కల గ్రంథాలయాలకూ పంపారు. తన పుస్తకం చివర తను కల్పించిన చావు, దాని కిందే బతికున్నాడేమోనని వెతుకులాట. ఆనాటి నుంచి కొత్త నంబరు నుంచి ఫోన్ మోగితే చాలు చేతిలో పని వదిలేసి ఎత్తేది. మంచి కబురైనా చెడు కబురైనా ముందు తన చెవిలోనే పడుతుంది.

దసరా పోయాక అబ్రహాం ఫోన్ చేశాడు. గద్వాలలో ఒక బియ్యం మిల్లు దగ్గర ఒక మనిషి ఉంటున్నాడట. చెవి చీలి ఉందట, ఎక్కడి వాడో సరిగా చెప్పడట.

ఈ కబురు చెప్పాలా, ముందు తనే పోయి చూడాలా అని జహీరున్నీసా రోజంతా కొట్టుకుంది. ఈసారి మాత్రం మల్లమ్మకు తెలియకుండా ఏదీ చెయ్యొద్దనుకుని కోడేరు పోయి చెప్పింది. మల్లమ్మ జొన్నరొట్టెలు చేసి గుడ్డలో కట్టుకుంది. ఇద్దరూ వనపర్తి మీదుగా గద్వాల బస్సెక్కారు. దారిలో కృష్ణ దాటేటప్పుడు మల్లమ్మ జహీరున్నీసా చెయ్యి పట్టుకుంది.

అబ్రహాం వాళ్లను మిల్లు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మనిషి ఊక కుప్ప నీడలో కూర్చుని ఉన్నాడు. మల్లమ్మ దగ్గరికి పోయి వంగి చూసింది. చెవి నిజంగానే చీలి ఉంది, కానీ కుడి చెవి.

"ఏ ఊరు నీది?" అని అడిగింది అయినా.

"గొత్తిల్ల," అన్నాడతను. అది కన్నడం. తెలియదని.

"కాదు," అంది మల్లమ్మ జహీరున్నీసాతో. గుడ్డ విప్పి రొట్టెలు అతని ముందు పెట్టింది. అతను తింటుంటే కాసేపు చూసింది. "ఈయన కోసం సుత ఎవరో ఒకామె చూస్తుంటది," అని లేచింది.

తిరుగు ప్రయాణంలో వనపర్తి బస్టాండులో చాయ్ తాగారు. నవలను మళ్లీ వేస్తే ఆ చివరి అధ్యాయం తీసేస్తానని జహీరున్నీసా అంది.

"ఎందుకు తీసుడు?" అంది మల్లమ్మ. "ఆ కథల ఆమె మొగడు సచ్చిండు. పాపం, ఆమెకు తెలిసింది. ఉండనీ. నాది నాకున్నది."

ఆ తర్వాత ఇంకా కొన్ని ఫోన్లు వచ్చాయి. ఏదీ బక్కయ్య కబురు కాలేదు. పిలిచిన ప్రతిసారీ ఇద్దరూ కలిసే పోయొచ్చారు. రెండో పుస్తకం మొదలుపెట్టడానికి జహీరున్నీసాకు చాలా కాలం ధైర్యం చాలలేదు. అది ఊళ్లో గాజులమ్మే బుజ్జమ్మ కథ. ఒక్క పేజీ కూడా రాయకముందే బుజ్జమ్మ ఇంటికి పోయి అడిగింది. ఆలోచించి చెప్తానంది బుజ్జమ్మ. ఆ జవాబు కోసం జహీరున్నీసా ఇప్పటికింకా ఎదురుచూస్తోంది.