అన్నను ఇంట్లోకి తేలేని ఇంగ్లీషు

ఇంగ్లీషులో నామవాచకానికి ఒంటరిగా బతుకు లేదు. ముందొక చిన్న మాట కాపలా ఉండాలి. డ్యూటీ అంటే ఏమీ తేలదు. ఆన్ డ్యూటీ అంటే మనిషి ఉన్నాడని, ఆఫ్ డ్యూటీ అంటే లేడని. ఔట్ ఆఫ్ స్టేషన్ అన్నారంటే రైలుతో పనే లేదు, ఆ పెద్దమనిషి మన మొహం చూడదలచుకోలేదని అర్థం. మనం ఆ చిన్న ముక్కను తోకకు తగిలిస్తాం: ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి. వాళ్లు నెత్తిన పెడతారు. ఇది నాకు ఏ అయ్యవారూ చెప్పలేదు. ఆళ్లగడ్డలో నా మోటారు వైండింగు షాపులో, వార్నిషు మరకల చేతులతో నేనే పట్టుకున్నాను.

కొత్త మోటార్లతో పాటు కంపెనీ కాగితాలు వచ్చేవి. ఇన్ కేస్ ఆఫ్, ఎట్ లీస్ట్, అవే ఫ్రమ్. ఒక్కో మాటకు విడిగా అర్థం వెతికితే కుదిరేది కాదు. గుంపుగా మింగాల్సిందే. చుట్టుపక్కల రైతులు పురుగుమందు డబ్బాలు తెచ్చి నాతో చదివించుకునేవాళ్లు. ఔట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్ అంటే పిల్లోళ్లకు అందనీకుండా పెట్టుకో అని చెబితే, ఇంటికి పోయి అటకమీద పెట్టేవాళ్లు. ఆ మాటలకు అప్పుడొక పని ఉండేది. అవి చెప్పాల్సింది చెప్పేవి.

మా అన్నకు మాత్రం నా ఇంగ్లీషంటే ఎగతాళి. సేద్యం పని లేనప్పుడు షాపు ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చిన వాళ్లతో అనేవాడు.

"మావోడు నీ మోటారు కాలిపోయిందని చెప్పడప్పా. ఔటాఫ్ ఆర్డర్ అంటాడు. ఇంగ్లీషులో కాలితే కంపు రాదు."

ఆ మాట నంద్యాల ఆసుపత్రి వరండాలో నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

అన్న తన ఇంటికి నాపబండలు ఎద్దులబండిలో తానే తోలుకొచ్చి, నడింట్లో తన చేతులతో పరిచాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా వాటి మీద వెల్లకిలా పడుకునేవాడు. "నన్ను ఈ బండల మింద నుంచే ఎత్తాల" అని వదినతో ఎన్నోసార్లు అన్నాడు. మా వీధిలో ఆ కోరిక చిన్నది కాదు. బయట ప్రాణం పోయిన మనిషిని గడప దాటించరు. వాడే కట్టుకున్న ఇల్లయినా సరే, వీధిలో పడుకోబెట్టాల్సిందే. అందుకే ఆశ లేదని తెలిస్తే చాలు, ఊపిరి ఉండగానే మనిషిని ఇంటికి చేర్చుకుంటారు. ఆ ఒక్కటీ తెలియాలి. సమయానికి తెలియాలి.

మొన్నటి వేసవిలో ఊపిరాడక అన్నను నంద్యాల తీసుకుపోయాం. లోపల పడుకోబెట్టి అద్దాల తలుపు మూశారు. డాక్టరు మనవాడే, తెలుగువాడే. తలుపు తీసుకుని బయటికి రాగానే అడిగాను.

"అయ్యా, ఒక్క మాట చెప్పండి. మా అన్న దక్కుతాడా? దక్కడంటే ఇప్పుడే ఇంటికి తీసుకపోతాం."

"పేషెంట్ అండర్ అబ్జర్వేషన్‌లో ఉన్నారు అంకుల్. యాజ్ ఆఫ్ నౌ ఔట్ ఆఫ్ డేంజర్."

"రేపటికి?"

"సో ఫార్ ఓకే" అంటూ నడుస్తూనే వెళ్లిపోయాడు.

వదిన నా చొక్కా పట్టుకుంది. "ఏమంటాండాడబ్బీ?"

"ఇప్పటికి గండం గడిచిందంట."

"ఇప్పటికి అంటే? ఇంటికి తీసకపోదామా, వద్దా?"

"అది చెప్పలేదు వదినా."

"నీకు ఇంగ్లీషు వచ్చు కదా!"

వచ్చు. ప్రతి ముక్కా వచ్చు. ఔట్ ఆఫ్ డేంజర్ అని ఒక చేత్తో ఇచ్చి, యాజ్ ఆఫ్ నౌ అని రెండో చేత్తో లాక్కున్నాడని కూడా తెలుసు. తెలిసి ఏం చేసుకోను? అన్న కొడుకు అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఔటాఫ్ డేంజర్ అన్యాక ఎత్తుకపోతే జనం మొగాన ఉమ్మరా చిన్నాయనా? సొంత నాయన్ను సంపుకున్యాడంటారు."

వాడిదీ తప్పని ఎట్లా అనను? ఉండిపోయాం. మరుసటి రోజు నర్సును అడిగితే "అప్ అండ్ డౌన్‌గా ఉంది" అంది. సాయంత్రం మళ్లీ అండర్ అబ్జర్వేషన్. చూస్తున్నారు సరే, చూసి ఏం కనిపెట్టారో చెప్పడానికి ఆ భవంతిలో ఒక్క నోరు లేదు. అద్దంలోంచి నాకు అన్న పాదాలు మాత్రం కనిపించేవి. వేళ్లు నల్లబడుతున్నాయి. కాలిన మోటారును మూత విప్పగానే గుర్తుపట్టే వాణ్ణి, నా కళ్లు నేను నమ్ముకోక వాళ్ల మాటల కోసం కాచుకున్నాను.

మూడో రోజు పొద్దున డాక్టరు తల దించుకుని అన్నాడు. "తీసుకెళ్తామంటే తీసుకెళ్లండి. ఎట్ యువర్ ఓన్ రిస్క్."

వదిన నన్ను అర్థం అడగలేదు. "లేపండి" అంది, అంతే.

అంబులెన్సులో నా అరచేయి అన్న రొమ్ము మీదే ఉంచాను. శిరివెళ్ల దాటిన కాసేపటికి ఆ రొమ్ము దిగింది, మళ్లీ లేవలేదు. అప్పుడే అన్న కొడుకు ఫోను మోగింది. ఇంటి దగ్గర్నుంచి, యాడుండారని. వాడు నా మొహం చూశాడు. చూసే, "ఆన్ ది వే" అన్నాడు.

వదిన డ్రైవరుకు మాత్రం గట్టిగా చెప్పింది. "ఆ సైరను ఆపొద్దు నాయనా." అన్న ముక్కు మీది గొట్టం కూడా తీయనియ్యలేదు.

ఇంటి ముందు వీధంతా నిలబడి ఉంది. వీధి పెద్ద మనిషి అడ్డం వచ్చి నన్నే అడిగాడు.

"ఏమప్పా, ఊపిరుందా?"

వెనకనుంచి వదిన చేయి నా భుజాన్ని నొక్కింది. "ఉందని చెప్పబ్బీ. నీ మాట నమ్ముతారు."

అండర్ అబ్జర్వేషన్ అంటే చాలు. ఆ వీధిలో ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు, దారి ఇస్తారు. నాలుక చివరిదాకా వచ్చింది. మూడు రోజులు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి కాల్చిన మాట అది. అదే మాట నా నోటినుంచి, మా అన్న మీద?

"పోయినాడు" అన్నాను.

వీధిలోనే షామియానా వేశారు, మంచం వాల్చారు. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల ఎవరో బండలు కడిగి, అన్నకు ఇష్టమని చాప కూడా వెయ్యకుండా ఉంచారు.

వదిన మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నావైపు తిరిగింది.

"ఇంత ఇంగ్లీషు నేర్చినావు. ఒక్క అబద్ధం రాలేదా అబ్బీ నీకు?"

గడప అవతల బండలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.