చేప వెంట చేప రాదు

మా ఊరి ఒడ్వార్ సాధించిన మొదటి ఘనకార్యం మా చర్చి కంచెకు రంగులేయడం. నూట ఎనిమిది పలకలు, మూడు రంగులు, పదకొండు ప్రయత్నాలు. ఏ వరసైనా వెంటనే మరోసారి వస్తే ఆ మనిషికి ఒళ్లు మండుతుంది. ఎరుపు పక్కన ఎరుపు రాకూడదు. ఎరుపు, తెలుపు తర్వాత మళ్లీ ఎరుపు, తెలుపు రాకూడదు. పది పలకల వరసైనా అంతే. ఒకసారి అరవయ్యో పలక దగ్గర ఏ రంగు వేసినా తప్పే అయింది. వారం రోజులు గీకి మళ్లీ మొదలుపెట్టాడు.

ఫాదరు గారు రెండు రంగులతో కానిమ్మన్నారు.

"రెండైతే నాలుగో పలక దగ్గరే ఇరుక్కుంటానండీ. మూడుంటే ప్రపంచం చివరిదాకా వేస్తాను," అన్నాడు.

ఏడో తరగతితో చదువు చాలించినా రెండుసార్లు ఊరి పెద్దగా గెలిచి, స్కీ పందేల్లో మూడు పతకాలు కొట్టినవాణ్ని. నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు.

నా భార్య రాగ్న్‌హిల్డ్ పోయాక నేను తలుపు తీయడం మానేశాను. ఏ రోజు చూసినా నిన్నటి రోజే. అప్పుడు గుమ్మంలో ఒక పొద్దున చేప కనబడింది. మర్నాడు దుంపలు. ఆపైన కట్టెలు. మళ్లీ చేప వస్తుందనుకుంటే దుంపలొచ్చాయి. ఇదేం లెక్కో పట్టుకుందామని కాగితం మీద రాసుకున్నాను. దొరికిందనుకున్న ప్రతిసారీ మారిపోయేది. చివరికి తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, కిటికీ దగ్గర కాపు కాశాను. బుట్టతో ఒడ్వార్ వచ్చాడు.

"నిన్నటి చేప బాగుందోయ్. ఇవాళా అదే పెట్టొచ్చుగా?"

"చేప వెంట చేప రాదు," అని కట్టెలు దించి, నా గడ్డం వైపు చూసి నవ్వాడు.

పోయిన సోమవారం కంటి ఆపరేషన్‌కు బెర్గెన్ పట్నం వెళ్తూ, పడవ ఎక్కేముందు తన సరుకుల కొట్టు తాళంచెవీ, ఏ రోజు ఏది పెట్టాలో రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు.

"రేవు పక్కన ఆస్లాగ్ ఉంది కదా, మొగుడు పోయినప్పట్నుంచీ తలుపు తీయడం లేదు. నేనొచ్చేదాకా నువ్వు చూడు. తప్పు చేశావో, గీకడానికి అది కంచె కాదు."

చీటీ చదివితే నాకు తలా తోకా తెలియలేదు. అందులో ఉన్నట్టే పెట్టుకుంటూ పోయాను. ఈ పొద్దున దుంపలు దించుతుంటే తలుపు సందులోంచి గొంతు వినబడింది.

"నిన్నటి చేపే పెడితే నీ సొమ్మేం పోయింది?"

"చేప వెంట చేప రాదమ్మా."

"ఎందుకు రాదట?" అంటూ తలుపు బార్లా తీసి, నడుం మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది.

నాకేం తెలుసు? అడగాల్సినవాడు అక్టోబరు పదిహేడున వస్తాడు.