తిరిగి ఇవ్వని తాళంచెవి

మొన్న మూలకుళంలోని మా ఇంటికి కంపెనీ వార్షిక నివేదిక వచ్చింది. లోపల నిగనిగలాడే కాగితం మీద, పుట్టిననాటి నుంచి కంపెనీ ఎంత పెరిగిందో చూపే గీత ఒకటి మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోయింది. లెక్కల్లో నాకెప్పుడూ పట్టు లేదు. ఉన్న పట్టంతా బీరువాలోనే. అయినా కళ్లద్దాలు పెట్టుకుని, మా నాన్న సోడా ఫ్యాక్టరీ మూతపడిన ఏడు ఆ గీతలో ఎక్కడుందా అని వేలితో వెతికాను.

కంపెనీ మా పెద్దనాయనది. మొదట ఉన్నదల్లా బజారు వెనక సందులో అన్నదమ్ములిద్దరి గోలీ సోడా ఫ్యాక్టరీ ఒక్కటే. నాన్న లోపల గ్యాసు పట్టేవాడు, పెద్దనాయన అమ్మకాలకు బయట ఊళ్లు పట్టేవాడు. ఆ రాబడితోనే డెబ్బైలలో విల్లియనూరులో బియ్యం మిల్లు, కిరుమాంబాక్కంలో ఇటుకల బట్టీ, ఊళ్లో ఒక ప్రెస్సు కొన్నాడు. కొన్నరోజు ఆయనకొక ఆచారం ఉండేది. పాత యజమాని ఇచ్చిన తాళంచెవి కళ్లకద్దుకుని, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టేవాడు. ఇక వాళ్లు ఓపికున్నన్నాళ్లూ తమదే అన్నట్టు పనిచేసేవాళ్లు. అన్నిటినీ కలిపి పైన హోల్డింగ్ కంపెనీ పెట్టాలని ఆడిటరు చెప్పినరోజు నాన్న నవ్వాడు.

"అన్నీ నువ్వు పట్టుకుంటే, నిన్నెవరు పట్టుకునేది అన్నా?"

"నువ్వుండావు గదా తంబీ."

ఆఫీసంటే ఫ్యాక్టరీ మీది గదే. కింద గోలీలు కీచుమంటుంటే పైన మీటింగులు జరిగేవి.

ఎనభైలలో రంగు డ్రింకులు లారీల్లో దిగాయి. అంగళ్లవాళ్లు మా సోడాలు తీసుకోవడం తగ్గించారు. మిల్లు తెచ్చింది సోడా తాగేస్తోందని, మూసేయమని ఆడిటరు ఏటా చెప్పేవాడు. పెద్దనాయన ఏటా అందరికీ తలా ఒక సోడా తెప్పించి మాట మార్చేవాడు. నాన్నకు ఆ పని తప్ప మరొకటి రాదని ఆయనకు తెలుసు. ఒక ఏడు సోడాలు తెప్పించలేదు. కింద నాన్న కడిగిన సీసాలు వరసగా పెట్టుకుని, పిలుపు కోసం సాయంత్రం దాకా చూశాడట.

మర్నాడు పొద్దున్నే పెద్దనాయన వచ్చాడు. అడగకముందే నాన్న తాళంచెవి ఇచ్చాడు. ఆయన కళ్లకద్దుకుని, అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు చాపాడు. నాన్న కూడా అరచెయ్యి పట్టాడు. పెద్దనాయన చెయ్యి దారిలోనే ఆగి, చొక్కా జేబులోకి పోయింది.

"తాళం నీ కాడే ఉండిపోయిందే అన్నా."

"ఉండనీ తంబీ."

తరువాత నాన్నకు మిల్లులో కుర్చీ వేశారు. పోయేదాకా అందులో ఊరికే కూర్చున్నాడు. అన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పెద్దనాయన మరికొంచెం సుఖంగా పోయేవాడేమో.

నివేదికలో ఆ ఏడు దొరికింది. గీతకు చిన్న నొక్కు కూడా లేదు. పైగా అక్కడి నుంచే నిటారుగా లేచింది. కంపెనీ నుంచి ఏటా వచ్చే వాటా డబ్బుతోనే నా ఇల్లు గడుస్తోంది కాబట్టి తప్పుపట్టే నోరు నాకు లేదు. కాలం కూడా మా పెద్దనాయన లాంటిదే. కళ్లకద్దుకునే తీసుకుంటుంది, మనమే ఇంకా అరచెయ్యి చాపి నిలబడి ఉంటాం.