వెబ్‌స్టర్ అంటే నేతగాడట!

ఈ రోజు షార్జా ఆఫీసులో భోజనాల దగ్గర మా కొత్త మేనేజరు, ఇంగ్లండాయన, తన ఇంటిపేరు గురించి చెప్పాడు. వెబ్‌స్టర్ అంటే నేతగాడట. వాళ్ల దేశంలో ఏ ఊరికెళ్లినా ఒక వెబ్‌స్టర్ తగులుతాడట. అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం కడుపు మండింది. తరతరాలుగా నేసింది మేము, పేరేమో ఆయనకు!

పక్కనున్న ఖాదర్ భాయ్ నన్నడిగాడు.

"మరి నీ ఇంటిపేరేంది భాయ్?"

"గాజుల. మా ఇంట్ల ఎవ్వరూ గాజులు అమ్మలే. మా నాయన ఇప్పటికీ మగ్గం నేస్తడు."

ఖాదర్ అది ఇంగ్లీషులో చెప్పగానే మేనేజరు తినడం ఆపేశాడు.

"మా ఇంట్లో మగ్గం చూసినవాళ్లే లేరు. నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది" అన్నాడు.

అయినా నా కుళ్లు తగ్గలేదు. మీ ఇంటిపేరు నిజం చెబుతుందా, మాదానిలా అబద్ధమాడుతుందా?