గూట్ల సగం చుట్ట

కట్టంగూరుల మా ఎల్లేశం కాక గొర్లు కాసేటోడు. రోజూ చుట్ట సగం తాగి ఆర్పి, మిగిలింది పెండ్లాం గుర్వమ్మ తాగెటందుకు గోడ గూట్ల పెట్టేటోడు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిల ఆమె కాలం జేసింది. కాక అలవాటు మాత్రం పోలే. గూడంత సగం చుట్టలే. తీసేద్దామంటే కసిరేటోడు.

రోడ్డు కొలిసెటందుకు వచ్చిన ఇంజినీరొకాయన పోతాపోతా తను పొగ తాగే పాత పైపు కాకకిచ్చిండు. "జర మెల్లగ గుంజాలె," అని నేర్పిండు. కాక గూట్ల చుట్టలన్నీ నలిపి, రోజింత పైపుల కూరి తాగేటోడు. మొదట్ల ఒకటే దగ్గు, నాలుకంత మంట. నెల తిరిగేసరికి కుదిరింది.

"ఇగ సగం మిగిలే ఫికర్ లేదు బిడ్డా," అన్నడు నాతోని. జరసేపు గుంజి, ఇంకా పొగొస్తున్న పైపును తీస్కపోయి గూట్ల పెట్టిండు.